నీలి తెర వెనక ఉప్పుగాలి

ఏవర్రా పిల్లలూ, పని మధ్యలో కంప్యూటర్ గుటుక్కుమని ఆగిపోయి, మళ్లీ దానంతటదే లేచి కూర్చుంటే మీరు మొదట అనే మాట నాకు తెలుసు. "వైరస్ వచ్చింది తాతయ్యా!" అంటారు. షాపుకి తీసికెళ్తే అక్కడి కుర్రాడు "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటాడు. ఒక్కోసారి ఆ రెండూ నిజమే కావచ్చు. కానీ మన పుదుచ్చేరి వైట్ టౌన్‌లో నేను ముందుగా అనుమానించేవి వేరే ఉన్నాయి. తూర్పు కిటికీలోంచి వచ్చే గాలి ఒకటి, గోడలో ఉన్న ప్లగ్గు ఒకటి. ఎందుకో చెప్తాను, కాస్త నింపాదిగా వినండి.

మా ఇల్లు డ్యూమా వీధిలో, సముద్రానికి కూతవేటు దూరం. యానాం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న మా మనవరాలు తన కంప్యూటర్‌ని తూర్పు కిటికీ పక్కనే పెట్టుకుంది. గాలి బాగా వస్తుంది, బల్ల మీద వెలుతురు పడుతుంది, ఆ పిల్లకి ఇంకేం కావాలి! వానాకాలం వెళ్లాక ఆ పెట్టె పేచీ మొదలుపెట్టింది. కొన్నిసార్లు తెరంతా నీలంగా మారి, తెల్లటి అక్షరాలు రెప్పపాటు కనిపించి, రీస్టార్ట్ అయ్యేది. కొన్నిసార్లు నీలమూ లేదు, అక్షరాలూ లేవు. ఉన్నట్టుండి చీకటి, వెంటనే మళ్లీ మొదలు. ఒకరోజు వీడియో చూస్తుంటే, ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండా ఉంటే. ఫార్మాట్ చేయించుకొచ్చింది. పాత ఫైళ్లు పోయాయి, పేచీ మాత్రం పోలేదు. అప్పుడు నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, దీనికి ఒక పద్ధతీ పాడూ లేదు" అంది. పద్ధతి ఉందమ్మా, అన్నాను. నీలంగా మారి ఆగడం వేరు, చెప్పా పెట్టకుండా ఆగడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు ఆ నీలి తెర సంగతి చూద్దాం. కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములన్నిటికీ ఒకే అధికారం ఉండదు. మీ బ్రౌజరు, మీ ఆటలు, మీరు ఉత్తరాలు రాసుకునే ప్రోగ్రాము, ఇవన్నీ ఎవరి మెమరీలో వాళ్లు ఉండాల్సిందే. పక్కదాని మెమరీని ముట్టుకునే హక్కు లేదు. వాటిలో ఒకటి లెక్క తప్పితే విండోస్ దాన్ని మూసేస్తుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. వీటన్నిటి కింద కెర్నల్ అనే భాగం ఉంది. మొత్తం మెమరీ, డిస్కు, అన్ని పరికరాలూ దాని చేతిలో ఉంటాయి. స్క్రీన్‌నీ నెట్‌వర్క్‌నీ డిస్కునీ నడిపే డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌తో సమానమైన అధికారంతోనే పనిచేస్తాయి. అక్కడ లెక్క తప్పితే సరిదిద్దడానికి పైన ఎవరూ లేరు. అయినా సరే అని పని సాగిస్తే, చెడిపోయిన అంకెల్ని తీసికెళ్లి మీ డిస్కు మీద రాసేసే ప్రమాదం ఉంది. అందుకే కెర్నల్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగేముందు కారణాన్ని ఒక కోడ్‌గా తెర మీద రాస్తుంది. ఆ క్షణాన మెమరీలో ఉన్నదాన్నో, దాంట్లో ముఖ్యమైన ముక్కనో డిస్కులో ఒక ఫైలుగా దాస్తుంది. దాన్ని డంప్ ఫైలు అంటారు. అంటే ఆ నీలి తెర మీ ఫైళ్లను కాపాడటానికి జరిగిన పనే. దాన్ని చూసి భయపడకండి, దాని మీద రాసింది చదవండి.

ఈ నీలి తెర 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నాటిది. మొదట్లో తెరనిండా అంకెలే ఉండేవి. 2012లో విండోస్ 8తో ఏడుపు మొహం బొమ్మ వచ్చింది. 2016లో దాని పక్కన క్యూఆర్ కోడ్ చేరింది. 2025లో విండోస్ 11లో నీలాన్ని తీసేసి నలుపు పెట్టారు. రంగు ఏదైనా సంగతి అదే.

అయితే మా మనవరాలికి ఆ అక్షరాలు రెప్పపాటే ఎందుకు కనిపించాయి? విండోస్‌లో ఒక చిన్న టిక్కు ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అని ఉంటుంది. కొన్ననాటి నుంచీ అది పెట్టే ఉంటుంది. దానివల్ల తప్పు జరిగిన మరుక్షణం కంప్యూటర్ మళ్లీ మొదలైపోతుంది, మనకి చదివే వ్యవధి ఉండదు. ఊరికే రీస్టార్ట్ అవుతోంది అని జనం అనుకునేవాటిలో చాలావాటి వెనక ఇలా కనపడకుండా పోయిన నీలి తెర ఉంటుంది. ముందు ఆ టిక్కు తీసేయండి. ఈసారి ఆగినప్పుడు తెర అలాగే నిలబడి ఉంటుంది. ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి.

ఫోటో దొరక్కపోయినా దిగులు లేదు. మన పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లై అనే పెద్దమనిషి ఉండేవాడు, ఫ్రెంచి గవర్నరు డూప్లే దొరగారికి దుబాసీ. కస్తూరి రంగకవి మన తెలుగులో రాసిన ఆనందరంగరాట్ఛందం ఆయనకి అంకితమిచ్చిందే. ఆయన 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశాడు. ఏ ఓడ వచ్చింది, ఎవరు ఎవరితో ఏమన్నారు, బజారులో ధర ఎంత, అన్నీ తేదీలతో సహా. ఇవాళ చరిత్రకారులు ఆ కాలం గురించి అంత నమ్మకంగా మాట్లాడగలుగుతున్నారంటే ఆ రాతల పుణ్యమే. కంప్యూటర్ కూడా అలాంటి దినచర్య రాసుకుంటుంది. దాన్ని చూపించే ప్రోగ్రాము పేరు ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే తెరుచుకుంటుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. అక్కడ సెకన్లతో సహా అంతా రాసి ఉంటుంది.

దాన్ని తెరవగానే ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు బోలెడు కనిపిస్తాయి. బాగా ఉన్న కంప్యూటర్‌లోనూ ఉంటాయి, కంగారు పడకండి. మీరు మూడు నంబర్ల కోసం వెతకండి. 1001 ఉండి, దాని మీద బగ్‌చెక్ అని ఉంటే నీలి తెర వచ్చిందన్నమాట. కోడ్ అక్కడే రాసి ఉంటుంది. 6008 ఉంటే, ముందటిసారి పద్ధతిగా ఆపలేదని అర్థం. 41 ఉండి, పక్కన కెర్నల్ పవర్ అని ఉంటే దాన్ని నొక్కి వివరాలు చూడండి. ఈ 41ని కంప్యూటర్ ఆగిపోయేటప్పుడు రాయదు. మళ్లీ లేచాక, "నిన్న నన్ను సరిగ్గా ఆపిన గుర్తు ఎక్కడా లేదే" అని చూసుకుని రాస్తుంది. ఆ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే వరస ఉంటుంది. అక్కడ అంకె ఉంటే కెర్నల్ తెలిసి ఆగింది. సున్నా ఉంటే, ఆగిపోతున్నానని తెలుసుకునే అవకాశమే దానికి దొరకలేదు. కరెంటు పోయిందో, బటన్ నొక్కి పట్టుకున్నారో, వేడికి పెట్టెలోని రక్షణ ఏర్పాటు ఒక్కసారిగా కట్టేసిందో, లేక కంప్యూటర్ బిగుసుకుపోయిందో అయి ఉంటుంది. ఒక చిన్న చిక్కు కూడా చెప్పాలి. ఈ వరసలో కోడ్ మామూలు దశాంశ అంకెల్లో ఉంటుంది. నీలి తెర కోడ్‌ని పదహారు ఆధారంగా రాస్తారు. ఈ వరసలోని 292, నీలి తెర మీది 124 రెండూ ఒకటే.

మా మనవరాలు, నేను కూర్చుని ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాం. రెండు గుంపులుగా విడిపోయాయి. కొన్నిటికి 1001 ఉంది, కోడ్ ఉంది, కానీ ఆ కోడ్ ఒక్కోరోజు ఒక్కోటి. కొన్నిటికి 41 ఒక్కటే, కోడ్ సున్నా. అవన్నీ రాత్రి భోజనాల వేళ తర్వాతవే. ఒకే పెట్టెలో రెండు వేర్వేరు తప్పులు! ఆ పిల్లకి పద్ధతి కనపడకపోవడానికి కారణం అదే. రెండింటినీ కలిపి చూస్తే గందరగోళం, విడదీస్తే దేని దారి దానిది.

సున్నాలవాటిని ముందు పట్టుకున్నాం. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. కంప్యూటర్ పెట్టెలో ఎస్ఎంపీఎస్ అనే డబ్బా ఉంటుంది చూశారా, అది ఈ 230 వోల్టుల్ని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇస్తుంది. దానిలోపల ఒక పెద్ద కెపాసిటర్ కొంత విద్యుత్తు నిల్వ ఉంచుతుంది. గోడ నుంచి కరెంటు ఆగినా, పూర్తి భారం మీద అది నిలబెట్టగలిగేది 16, 17 మిల్లీసెకన్లే. అంటే ఒక్క ఊపు మొత్తం పోతే చాలు, దాని ఓపిక అయిపోతుంది. దీపం ఒకసారి మినుక్కుమంటే మన కంటికి అదేమంత పెద్ద సంగతి కాదు, కంప్యూటర్‌కి అది చాలా ఎక్కువ. వోల్టేజీ పడిపోతోందనగానే ఎస్ఎంపీఎస్ "నా సరఫరా బాగుంది" అని మదర్‌బోర్డుకి పంపే సంకేతాన్ని ఆపేస్తుంది. మదర్‌బోర్డు అన్నిటినీ మొదటికి తెస్తుంది. ఈలోపు కరెంటు సర్దుకుంటే యంత్రం మళ్లీ మొదలవుతుంది. ఆరిపోవాల్సింది రీస్టార్ట్ అవడంలో మర్మం ఇదే.

మరి రాత్రి భోజనాల తర్వాత ఏం జరుగుతోంది? మేడ మీదవాళ్లు ఏసీ వేస్తున్నారు. ఏసీ కంప్రెసర్ మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, నడిచేటప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. మా వీధిలో ఇళ్లు పాతవి, సున్నపు గోడలవి. లోపలి తీగలూ ఒక్కో కాలంలో ఒక్కో ముక్క వేసినవి. ఎక్కడో జాయింటు వదులుగా ఉంటే ఆ ఒక్క క్షణం వోల్టేజీ పడుతుంది. "యూపీఎస్ ఉందిగా తాతయ్యా" అంది మనవరాలు. ఉంది. అందులో బ్యాటరీకే ప్రాణం లేదు. ఇంట్లో వాడే చిన్న యూపీఎస్‌లు చాలావరకు మామూలుగా గోడ కరెంటునే కంప్యూటర్‌కి పంపిస్తూ, కరెంటు పోగానే 4 నుంచి 10 మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారతాయి. ఆ వ్యవధి ఎస్ఎంపీఎస్ ఓపికకి లోపలే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. కానీ లోపలుండే సీసపు బ్యాటరీ మన వేడికి రెండు మూడేళ్లు బతికితే గొప్ప. ఆ తర్వాత ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, భారం మీద పడగానే చేతులెత్తేస్తుంది. పరీక్ష సులువు. పనంతా సేవ్ చేసుకుని, కంప్యూటర్ నడుస్తుండగానే యూపీఎస్ ప్లగ్గు గోడలోంచి తీయండి. మా ఇంట్లో తీసిన మరుక్షణమే తెర ఆరిపోయింది. కొత్త బ్యాటరీ వేయించాం, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వదులైన జాయింటు బిగింపించాం, ఎర్తింగ్ చూపించాం. ఆ గుంపు ఆగిపోయింది.

ఎస్ఎంపీఎస్ పాతదైనా ఇదే వరస. అందులోని కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. మదర్‌బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాలు కూడా కెపాసిటర్లే, వాటి తలలు చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే వాటి పని అయిపోయింది. కానీ పిల్లలూ, ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం మీరెవరూ విప్పొద్దు. 230 వోల్టుల శిఖరం 325 వోల్టులు. ప్లగ్గు పీకేశాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో అంత వోల్టేజీ కొంతసేపు మిగిలి ఉంటుంది. అనుమానమొస్తే మొత్తం డబ్బా మార్చండి.

తుఫాను కాలంలో కరెంటుతో ఇంకా జాగ్రత్త కావాలి. 2011 డిసెంబర్ 30న థానే తుఫాను మన పక్కనే తీరం దాటింది. 2024 నవంబర్ 30 రాత్రి ఫెంజల్ పుదుచ్చేరి దగ్గరే దాటి, ఒక్క రోజులో 46 సెంటీమీటర్ల పైన వాన కురిపించింది. అలాంటప్పుడు కరెంటు పోవడంకన్నా తిరిగి రావడం ప్రమాదం. వచ్చీ పోతూ, ఎక్కువ తక్కువలతో వస్తుంది. ప్లగ్గు పీకి ఉంచండి. వచ్చాక కాసేపు దీపం నిలకడగా వెలగనిచ్చి అప్పుడు పెట్టండి.

ఇక రెండో గుంపు. దీని దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన ఊరి సొంత సమస్య.

కోడ్ ఒక్కోరోజు ఒక్కోటి రావడం ఒక పెద్ద ఆధారం. ఒక డ్రైవర్ చెడితే సాధారణంగా అదే కోడ్, అదే ఫైలు పేరు పదేపదే వస్తాయి. ఇవాళ మెమరీ మేనేజ్‌మెంట్, రేపు పేజ్ ఫాల్ట్, ఎల్లుండి ఇంకోటి అని తిరుగుతుంటే, అందరూ వాడే మెమరీని, అంటే ర్యామ్‌ని, అనుమానించాలి. చెడిన బిట్టు ఏ ప్రోగ్రాము చేతికి చిక్కితే దాని పేరు మీద తప్పు పడుతుంది. అందుకని మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రాముని పెన్‌డ్రైవ్‌లో వేసి, దానితో కంప్యూటర్‌ని మొదలుపెట్టి, రాత్రంతా వదిలేశాం. అది ర్యామ్‌లో ప్రతి గదిలోనూ రకరకాల నమూనాలు రాసి, తిరిగి చదివి, పోల్చి చూస్తుంది. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒకటుంది, త్వరగా చూసుకోవడానికి అది చాలు. గట్టిగా తేల్చుకోవాలంటే మెమ్‌టెస్ట్ మేలు. తెల్లారేసరికి తెర మీద ఎర్రగా తప్పుల వరసలు.

ర్యామ్ పోయిందని కొత్తది కొనేయడం సులువే. నేను కొననివ్వలేదు. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి మిగిలిన విద్యుత్తు పోనిచ్చి, పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని ఒంట్లోని స్థిరవిద్యుత్తు వదిలించుకుని, ర్యామ్ బద్దని బయటికి తీశాను. కింద అంచున వరసగా బంగారు పూత పట్టీలు ఉంటాయి. కిటికీ వెలుతురులో పట్టి చూస్తే కొన్ని పట్టీలు మసకగా ఉన్నాయి, ఒకటి రెండు చోట్ల లేత ఆకుపచ్చ చుక్కలు.

బంగారానికి తుప్పేమిటి అంటారా? బంగారానికి పట్టదు. కానీ ఆ పూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. అంత పల్చని పూతలో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. దాని కింద నికెల్, నికెల్ కింద రాగి. ఆ రంధ్రాల్లోంచి ఉప్పునీరు దిగితే రాగి క్లోరిన్‌తో కలిసి ఆకుపచ్చని పదార్థమవుతుంది. అది పైకి పాకి పట్టీ మీద పరుచుకుంటుంది. దానిగుండా కరెంటు సరిగ్గా పోదు. డీడీఆర్4 ర్యామ్‌కి 288 పట్టీలు, దాని వోల్టేజీ 1.2 మాత్రమే, దానిమీద సెకనుకి వందల కోట్ల సంకేతాలు. అంత సన్నని వ్యవహారంలో ఒక్క పట్టీ కొంచెం మందగిస్తే చాలు, ఒకటి సున్నా అవుతుంది, సున్నా ఒకటవుతుంది.

మరి ఆ ఉప్పునీరు ఎక్కడిది? సముద్రంలో అల విరిగినప్పుడు లక్షల గాలిబుడగలు పుడతాయి. అవి పైకొచ్చి చిట్లినప్పుడు అతి చిన్న నీటి తుంపరలు గాల్లోకి లేస్తాయి. వాటిలో నీరు ఆవిరై ఉప్పు కణం మిగులుతుంది, గాలి దాన్ని మోసుకొస్తుంది. మన బీచ్ రోడ్డు పక్కన ఒకప్పుడు విస్తారంగా ఇసుక ఉండేది. దక్షిణాన 1980ల చివర కట్టిన హార్బర్ గోడలు ఇసుక నడకను అడ్డుకోవడంతో ఇటువైపు తీరం కోసుకుపోయింది. ఒడ్డు కాపాడటానికి పెద్ద పెద్ద రాళ్లు పోశారు. కెరటం మెత్తగా ఇసుక మీద పరుచుకోవడానికి బదులు రాళ్లకి కొట్టుకుంటే తుంపర ఎక్కువ లేస్తుంది. ఒడ్డు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ గాల్లో ఉప్పు త్వరగా తగ్గిపోతుంది. కానీ వైట్ టౌన్ మొత్తం బీచ్ రోడ్డుకీ పాత కాలువకీ మధ్య ఇరుకు పట్టీయే. ఆ ఉప్పు దాటిపోయేంత దూరం మన దగ్గర లేదు.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా హాని చేయదు. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని పీల్చుకుని తానే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమే చాలు. వంటింట్లో రాళ్లుప్పు జాడీ అడుగున నీరూరేది అందువల్లే. పుదుచ్చేరిలో తేమ 33 శాతానికి దిగే రోజులు చాలా అరుదు. అంటే మన కంప్యూటర్ ఫ్యాను లోపలికి లాగిన ఉప్పు దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, దుమ్ముతో కలిసి బోర్డుకి అంటుకుని ఉంటుంది.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. నూలు పోగులు రాలని బట్ట మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి పట్టీల్ని రెండువైపులా తుడిచాం. ర్యామ్ కూర్చునే సందులోని దుమ్ముని మెత్తటి బ్రష్షుతో దులిపాం. మన షాపుల్లో పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దుతారు. అదీ పనిచేస్తుంది, కానీ గట్టిగా రుద్దితే ఉన్న కాస్త బంగారమూ పోతుంది. ఆల్కహాల్ పూర్తిగా ఆరాక బద్దని టిక్కుమనే దాకా నొక్కి కూర్చోబెట్టి, మళ్లీ రాత్రంతా మెమ్‌టెస్ట్. ఈసారి ఒక్క తప్పూ లేదు. కొత్త ర్యామ్ కొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. కొత్త బద్ద, శుభ్రమైన పట్టీలు, సమస్య పోయేది. ర్యామే చెడిందని అనుకునేవాళ్లం. కంప్యూటర్ అదే కిటికీ పక్కన ఉండేది. కొన్నాళ్లకి అదే కథ.

అందుకని కంప్యూటర్‌ని లోపలి గోడ దగ్గరికి మార్చాం. ఇంకో జాగ్రత్త. ఏసీ గదిలో చల్లబడిన పెట్టెని ఆపి, వెంటనే కిటికీలు బార్లా తెరవకండి. బయటి గాలి 31 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉంటే, 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీటి చెమ్మ పడుతుంది. ఏసీ ఆపాక గది మామూలు వేడికి రానిచ్చి అప్పుడు తెరవండి. కంప్యూటర్‌కి గుడ్డ కప్పే అలవాటుంటే, అది ఆగి చల్లారాకే కప్పండి.

ఈ చెమ్మతో పోరాటం మన ఊరికి కొత్త కాదు. మా వీధికి దగ్గర్లోనే సెయింట్ లూయీ వీధిలో 1955లో పెట్టిన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ఉంది. పుదుచ్చేరిలోని శైవ రాతప్రతుల్ని, సుమారు 11,000, యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాటిలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. తాళపత్రాలకి నూనె రాసి, గుడ్డలో చుట్టి, ఈ చెమ్మలోనే తరాల తరబడి కాపాడుకొచ్చారు. ఇప్పుడు వాటి ప్రతిబింబాలు కంప్యూటర్లలో ఉన్నాయి. అలాంటి పనిలో ఉన్న యంత్రం చెడిన అంకెల్ని నిశ్శబ్దంగా రాసుకుంటూ పోవడంకన్నా, నీలి తెర చూపించి ఆగిపోవడం ఎంత మేలో నాకు ఆ వీధిలో నడిచినప్పుడల్లా అనిపిస్తుంది.

మిగతా కోడ్‌ల గురించి త్వరగా చెప్పేస్తాను. 124 వస్తే ప్రాసెసర్ తన హార్డ్‌వేర్‌లో తప్పు పట్టుకుందని అర్థం. వేడి, వోల్టేజీ, ఓవర్‌క్లాక్ చూడండి. ఫ్యాను దుమ్ము దులపండి, ఎండిన థర్మల్ పేస్టు మార్పించండి. 116 వస్తే గ్రాఫిక్స్ కార్డో దాని డ్రైవరో. డి1 వస్తే దాదాపుగా ఏదో డ్రైవర్. ఫైలు పేరు చాలాసార్లు పక్కనే ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే చోట దాచిన ఫైళ్లని విన్‌డీబగ్ అనే ఉచిత ప్రోగ్రాముతో తెరిస్తే ఆ పేరు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్, డ్రైవర్, విండోస్ అన్నీ ఒకేరోజు మార్చేస్తే, బాగయ్యాక కూడా ఏది తప్పో మీకు తెలియదు.

డ్రైవర్ అన్నాను కాబట్టి 2024 జూలై 19 సంగతి చెప్పాలి. ఆ ఉదయం మన టైము 9 గంటల 39 నిమిషాలకి క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న ఫైలు పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్ స్థాయిలో నడుస్తుంది. కొత్త ఫైలు 21వ విలువని చూడమంది. ప్రోగ్రాము చేతిలో ఉన్నవి 20. లేని 21వ దాని కోసం తనది కాని మెమరీని చదవబోయింది, కెర్నల్ ఆగిపోయింది. ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలబడిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ఆరోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పు ఫైలుని 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే దెబ్బతిన్న యంత్రాలు లేవగానే మళ్లీ అదే ఫైలు చదివి మళ్లీ పడిపోతున్నాయి. వాటిలో చాలావాటిని మనుషులే ఒక్కొక్కదాని దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలుని చేత్తో తీసేయాల్సి వచ్చింది. సేఫ్ మోడ్ అంటే అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే మొదలవడం. మీ కంప్యూటర్ సేఫ్ మోడ్‌లో గంటలకొద్దీ నిలకడగా నడిచి, మామూలుగా తెరిస్తే పడిపోతుంటే, ఈమధ్య వేసిన డ్రైవర్లనీ భద్రతా ప్రోగ్రాములనీ ముందు చూడండి. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ అనే బటన్‌తో పాత డ్రైవర్‌కి వెళ్లిపోవచ్చు.

కొత్త కంప్యూటర్ కదా, తప్పుండదు అనుకోకండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతూ, కాలక్రమంలో లోపల అరిగిపోయి పడిపోతున్నాయని 2024లో తేలింది. ఆ సంస్థ ఆగస్టు నుంచి సవరణలు విడుదల చేసింది, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణలు బయాస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. ఆ తరం యంత్రం మీ ఇంట్లో ఉంటే ఇవాళే చూసుకోండి. అరిగినదాన్ని ఆ సవరణ బాగుచేయదు, బాగున్నదాన్ని కాపాడుతుంది.

ఇంకో చోద్యం. 2003 మేలో బెల్జియంలో షార్‌బేక్ అనే చోట ఎన్నికల్లో ఒక అభ్యర్థికి వచ్చే వీలులేనన్ని ఓట్లు వచ్చాయి. సరిచూస్తే 4096 ఎక్కువ. ఆ అంకెని చూడండి, రెండుని పన్నెండుసార్లు హెచ్చవేస్తే వచ్చేది. మెమరీలో ఒకే ఒక్క బిట్టు సున్నా నుంచి ఒకటైంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలో పుట్టించే కణం ఒకటి ఆ బిట్టుకి తగిలి ఉంటుందని నిపుణులు భావించారు. అందుకే సర్వర్లలో ఒక బిట్టు తప్పితే దానంతట అది దిద్దుకునే ఈసీసీ మెమరీ వాడతారు. మీ ఇంటి కంప్యూటర్ ఏడాదిలో ఒక్కసారి ఆగి, మళ్లీ ఆ ఊసే లేకపోతే అలాంటిదేదో అయి ఉండవచ్చు, వదిలేయండి. రెండోసారి ఆగితే మాత్రం కాగితం తీయండి.

ఆ కాగితం మీద తేదీ, గంట, అప్పుడు ఏం చేస్తున్నారు, కోడ్ ఏమిటి, అంతకుముందు కొత్తగా ఏం వేశారు, ఇంట్లో ఏసీయో మోటారో నడుస్తోందా, ఇవి రాయండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి నకలు తీసుకోండి. అది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, ఏ పరీక్షా మొదలుపెట్టకముందే. మీ వల్ల కాకపోతే షాపుకి తీసికెళ్లండి, తప్పేమీ లేదు. కానీ ఆ కాగితం వెంట పెట్టుకెళ్లి, "అన్నా, ఫార్మాట్ ముందు ఇది చూడండి, ర్యామ్ తీసి పట్టీలు చూడండి, ఎస్ఎంపీఎస్ మార్చి ఒక రోజు నడిపి చూడండి" అని అడగండి. మన ఊరి మెకానిక్కులకి ఉప్పు సంగతి మనకన్నా బాగా తెలుసు. కంప్యూటర్ ఏ వీధిలో, ఏ కిటికీ పక్కన ఉంటుందో కూడా చెప్పండి.